రాని బండికి ఎర్రగుడ్డ

మొన్న సిరిసిల్ల బస్టాండులో దిగి నాలుగడుగులు వేశానో లేదో, ఒక వాసన వచ్చి నా చొక్కా పట్టుకుంది. వేడెక్కిన రాగి గిన్నె మీద నవసాగరం పొడి చల్లితే లేచే వాసన. ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఆ వాసన ముక్కులోంచి దూరి, నెత్తి మీది వెంట్రుకల్ని పేరు పేరునా పిలిచి లేపి నిలబెడుతుంది. నా నెత్తి మీద పిలిస్తే పలికేవాళ్ళు ఇప్పుడు ఎక్కువమంది లేరు, అది వేరే సంగతి.

చూస్తే, ఒక హోటలు ముందు ఎవరో బిర్యానీ డేగిసకు తగరం కలాయి పూస్తున్నాడు. పక్కన తోలు తిత్తి లేదు. కరెంటు బ్లోయరు గుయ్యిమంటోంది. ఆగకుండా, ఊపిరి తీసుకోకుండా, దారిలో ఏ స్టేషనూ రానట్టు గుయ్యిమంటూనే ఉంది. నేను రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. వెనక ఆటో అతను మా వంశంలో ఏడు తరాలవాళ్ళను పలకరించాక గానీ పక్కకు జరగలేదు.

మా కలాయి చిచ్చా గుర్తొచ్చాడు.

చిచ్చాకు పేరు ఉండే ఉంటుంది. ఏ రేషన్ కార్డులోనో పడి ఉంటుంది. కోరుట్లలో మాత్రం ఆయన్ని పేరు పెట్టి పిలిచిన ప్రాణిని నేను చూడలేదు. చిచ్చా అంటే బాబాయి. హిందువులకు చిచ్చా, ముస్లిములకు చిచ్చా, ఆయనకంటే పెద్దవాళ్ళయిన ముసలమ్మలకు కూడా చిచ్చాయే. మనిషి నిట్టాడికి లుంగీ చుట్టినట్టుండేవాడు. మీసం తగరం పూసినట్టు తెల్లగా మెరిసేది. ఎడమ చెవి మాత్రం ఎప్పుడు చూసినా నల్లగా, తుప్పు మరకలతో ఉండేది. ఆ చెవికో కథ ఉంది. చెబుతాను, ముందు తిత్తి సంగతి కానివ్వండి.

ఆ తిత్తి మేకతోలుదని ఆయన అనేవాడు. ఆ మేక బతికున్న రోజుల్లో ఏనుగంత ఉండి ఉండాలి. ఆయన తిత్తి నొక్కితే మా వాడలో ఆరేసిన చీరలన్నీ అటు ఎగిరేవి, వదిలితే ఇటు వచ్చేవి. వాకిట్లో చిన్న గుంట తవ్వి బొగ్గులు పోసి నిప్పు రాజేశాక, మొదటిసారి తిత్తి నొక్కే ముందు ఆయన ఎడమకు చూసేవాడు, కుడికి చూసేవాడు. ఎక్కడో ఎవరో జెండా ఊపారన్నట్టు తల పంకించేవాడు. అప్పుడు రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఒక కూత కూసేవాడు. ఆ కూతకు జగిత్యాలలో కుక్కలు మొరిగేవని చెప్పుకునేవారు.

“జరుగుండ్రమ్మా, జరుగుండ్రి! బండి కదుల్తున్నది!”

ఆడవాళ్ళు నిజంగానే వెనక్కి జరిగేవారు. గిన్నె ఎర్రగా కాగి, పొడి పడి, తెల్లటి పొగ లేచి, తగరం కరిగి, ఎర్రగుడ్డతో ఆయన లోపలంతా ఒక్క రుద్దు రుద్దగానే వెండి గిన్నె పుట్టేది. దాన్ని నీళ్ళలో ముంచితే జుయ్యిమని ఆవిరి.

“టేషనచ్చింది!” అని అరిచేవాడు.

ప్రతి గిన్నే ఒక స్టేషను. కాజీపేట నుంచి ఉత్తరానికి పోయే లైనులో ఉన్న ఊళ్ళన్నీ మా వాకిట్లో వరసగా వచ్చేవి. మా అమ్మ గంగాళం మాత్రం ఎప్పుడూ కాజీపేటే. పెద్దది కదా, జంక్షను. పక్కింటి సాయవ్వ బిందె ఎప్పుడూ జమ్మికుంట దాటలేదు. ఆ బాధ ఆమెకు చాలాకాలం ఉండింది.

“నా బిందేం పాపం జేసింది చిచ్చా? దాన్ని ఒక్కపాలన్న జంక్షన్ జెయ్యరాదు?”

“జంక్షన్ గావాల్నంటే అడుగు గింత ఎడల్పుండాలె అవ్వా. నీ బిందెకు నడుమే ఉన్నది.”

నేను అప్పటికి మండలాఫీసులో గుమాస్తాను. ఆయన నన్ను ‘మున్షీ’ అని పిలిచేవాడు. ఆ పిలుపులో గౌరవం పావు, వెక్కిరింపు ముప్పావు. సెలవు రోజున ఆయన మా వాడకు వస్తే నేను పేపరు మడిచి పక్కన పెట్టి గడప మీద చేరేవాణ్ణి. పేపర్లో అబద్ధాలు చిన్నవి.

ఈ రైలు పిచ్చి ఆయనకు తండ్రి నుంచి వచ్చింది. నిజాం కాలంలో తండ్రి రైలింజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్. అప్పటికే పడమట నిజామాబాదు మీదుగా మన్మాడుకు చిన్న లైను పడి ఉంది. తూర్పున కాజీపేట నుంచి అడవులు కొట్టుకుంటూ, గోదావరి మీద వంతెన కట్టుకుంటూ బల్లార్షా దాకా పెద్ద లైను పడింది. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఆ రెంటికీ నడుమ, అటు చుట్టాలు పెళ్ళికి పిలుస్తారని అటు, ఇటువాళ్ళు పిలుస్తారని ఇటు చూసి, చివరికి ఎవరూ పిలవని ఇల్లులా మిగిలిపోయాయి.

“మా అబ్బాజాన్ ఇంజను ఎంతుంటుండె అనుకున్నవ్ మున్షీ? జగిత్యాల ఖిల్ల జూసినవా?”

“చూసిన చిచ్చా.”

“దానికి చక్రాలు వెట్టు.”

“పెట్టిన.”

“గిప్పుడు దాన్ని జర్ర పెద్దగ జెయ్యి.”

ఆ ఇంజను పెద్దపల్లిలో నీళ్ళు తాగితే రామగుండం దాకా బావులు ఎండిపోయేవట. కూత వేస్తే చెట్ల మీద చింతకాయలు పండేవట. గోదావరి వంతెన మీద తొలిసారి బండి పోయిననాడు, నది కాసేపు ఆగి చూసి మళ్ళీ కదిలిందట. తండ్రి ఉద్యోగంలో ఉండగానే కంపెనీ దొరల రైలు సర్కారు రైలయింది. కొత్త టోపీ ఇచ్చారు. ఆ టోపీ పెట్టుకుని ఆయన కోరుట్ల వస్తే, ఊళ్ళోవాళ్ళు తెలియక శిస్తు కట్టడానికి లైను కట్టారని చిచ్చా చెప్పేవాడు. 

“మరి నిజామాబాదు బండి ఎట్లుంటుండె?” అని అడిగామా, మూతి విరిచేవాడు.

“థూ! గది చిన్న లైను. గది రైలేంది? మేకల్ని గట్టి గుంజిపిచ్చిన్రు.”

పెద్ద లైను ఇంటివాణ్ణన్న గర్వం అంతా ఇంతా కాదు. బిడ్డకు నిజామాబాదు నుంచి మంచి సంబంధం వస్తే, ‘చిన్న లైనోళ్ళు’ అని తిప్పి పంపాడు. చివరికి సిరిసిల్లలో ఇచ్చాడు. అదేమంటే, “సిరిసిల్లల ఏ లైనూ లేదు, మనకూ లేదు. ఇజ్జత్ సమానం” అన్నాడు.

మనకూ లేదు అన్న మాట దగ్గర ఆయన గొంతు కొంచెం తగ్గేది. ఎందుకంటే, ఉండవలసింది.

ఒకనాడు టోపీ పెట్టుకున్న దొర ఒకడు గొలుసులు, దుర్భిణీ మోయించుకుంటూ కోరుట్ల వచ్చి, ఊరి బయట రాళ్ళు పాతించి వెళ్ళాడట. సెలవు మీద వచ్చిన ఫైర్‌మన్ వాటిలో ఒక రాయిని చూశాడు. లైను మన ఊరికి వస్తోంది, వచ్చినప్పుడు ఇంజనెక్కే మనిషి ఊళ్ళో ఉండాలి కదా అనుకున్నాడు. ఉద్యోగానికి సలాం కొట్టి ఇంటికొచ్చి కూర్చున్నాడు. రైలు కోసం ముందుగా వెళ్ళి కూర్చోవడం మంచి అలవాటే. కానీ ఆ పెద్దమనిషి ఒక జీవితకాలం ముందుగా వచ్చాడు. పైగా స్టేషను కూడా లేదు. చేతులు బొగ్గుకూ నిప్పుకూ అలవాటు పడ్డాయి గనక, బండి వచ్చేలోపు ఊరికే ఉండడం ఎందుకని తిత్తి కొనుక్కుని కలాయి పని నేర్చుకున్నాడు. బండి రాలేదు. తిత్తి కొడుక్కి వచ్చింది.

దాంతోపాటు ఒక మాట కూడా వచ్చింది. పోయేముందు తండ్రి కొడుకుని దగ్గరికి పిలిచి, “బేటా, మన ఊర్ల ఎక్కు. వేరే ఊర్ల ఎక్కితే గది వేరేటోళ్ళ రైలు” అన్నాడట.

అందుకని చిచ్చా జన్మలో రైలెక్కలేదు. హైదరాబాదు బస్సులో పోయాడు. బొంబాయికి ఉల్లిగడ్డల లారీ మీద పోయి, ఏడ్చుకుంటూ దిగాడు. మా వైపు ఇబ్రహీంపట్నం దాకా ఏ ఇంట చూసినా దుబాయి పోయినవాడొకడుంటాడు. “పోరలు విమానాలెక్కుతున్నరు, నువ్వు రైలెక్కవా చిచ్చా?” అంటే, ఆయన జాలిగా చూసేవాడు.

“విమానం వాళ్ళ ఊరికచ్చిందా? రాలే. ఎక్కడ్నో పోయి ఎక్కెతందుకు జర్ర సిగ్గుండాలె.”

ఆ రాయిని నాకు ఒకసారి చూపించాడు. పండుగ పండుగకూ దానికి సున్నం వేసేవాడు. నేను చేసేది రెవెన్యూ ఉద్యోగం. చూడగానే తెలిసింది, రైలుకూ దానికీ ఏ చుట్టరికమూ లేదని. అది పొలం హద్దురాయి. ఇద్దరు అన్నదమ్ములు కొట్టుకోకుండా పాతిన రాయి. చెబుదామని నోరు తెరిచాను. ఆయన రాయి పక్కన గొంతుక్కూర్చుని, దాని నెత్తి మీద చెయ్యేసి, పసిపిల్లవాణ్ణి చూపించినట్టు నాకు చూపిస్తున్నాడు.

“మంచిగున్నది చిచ్చా,” అని నోరు మూసుకున్నాను.

ఇప్పుడు చెవి కథ. చిచ్చా ఎక్కడ ఇనుము కనిపించినా ఎడమ చెవి ఆనించేవాడు. బోరింగు గొట్టం, కరెంటు స్తంభం, బడి గేటు, ఏదైనా సరే. రైలు ఎంత దూరాన ఉన్నా ఇనుము చెబుతుందని తండ్రి నేర్పాడట. కళ్ళు మూసుకుని వినేవాడు.

“ఏమినవడ్తున్నది చిచ్చా?”

“దూరమున్నది. అస్తున్నది.”

ఎప్పుడడిగినా అదే జవాబు. బోరింగు దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు, “నీ రైలు అచ్చేదాక నీళ్ళు కొట్టద్దా మేము?” అని కసిరేవారు.

బస్సంటే మాత్రం ఆయనకు ప్రేమే. నిజాం కాలంలో మొదట బస్సులు నడిపింది కూడా రైలు శాఖవాళ్ళేనట. “గీ బస్సు రైలుకు పుట్టిన బిడ్డ, మున్షీ. తల్లి రాకపాయె, బిడ్డన్న అచ్చింది” అనేవాడు. తిత్తితో, బొగ్గుల సంచితో ఎక్కితే కండక్టరు లబలబలాడేవాడు. చిచ్చా వినిపించుకోకుండా పోయి, చివరి సీట్లో గార్డులా కూర్చునేవాడు. కథలాపూర్ మీదుగా బిడ్డ దగ్గరికి సిరిసిల్ల పోతే వారం దాకా వచ్చేవాడు కాదు. అల్లుడు మరమగ్గాల పనివాడు. సిరిసిల్లలో వాటిని సాంచెలంటారు. వాడంతా పొద్దస్తమానం దడదడలాడుతూనే ఉంటుంది. నాలాంటివాడు అక్కడ గంట కూర్చుంటే పళ్ళు వదులవుతాయి. చిచ్చా మాత్రం పట్టపగలు సాంచెల పక్కన చాప వేసుకుని హాయిగా నిద్రపోయేవాడు. ఒకనాడు కరెంటు పోయి సాంచెలన్నీ ఒక్కసారి ఆగిపోతే, ఉలిక్కిపడి లేచి కూర్చుని, “ఏ టేషనిది?” అని అడిగాడట.

జగిత్యాల పక్కన లింగంపేటకు నిజంగానే రైలు వచ్చినప్పుడు మా కోరుట్ల సగం పోయి చూసొచ్చింది. చిచ్చా పోలేదు. కలాయి పని మీద జగిత్యాల పోయినా అటువైపు తిరిగేవాడు కాదు. ఒకనాడు నేను అక్కడే ఉన్నాను. దూరంగా బండి కూత వినిపించింది. వెంటనే ఆయన తిత్తి జోరు పెంచాడు. ఆ జోరుకు ఎదురింటి పెంకులు లేచాయి. కూత ఆగేదాకా నొక్కుతూనే ఉన్నాడు. మొహం ఇటే ఉంది. ఎడమ చెవి మాత్రం అటే తిరిగి ఉంది.

ఆ తర్వాత పట్టాలు లింగంపేట దాటి మెల్లగా మా వైపు పాకడం మొదలుపెట్టాయి. కంకర పోశారు, పట్టాలు పరిచారు. కోరుట్లలో ప్లాట్‌ఫారం సగం కట్టి, మిగతా సగం దేవుడికి వదిలేశారు. సరిగ్గా అప్పుడే తెలంగాణ ఉద్యమం ఉప్పెనలా లేచింది. మా ఆఫీసుకు తాళం పడింది. సమ్మెలో నేను నినాదాలు రాసేవాణ్ణి. నేను రాసిన నినాదానికి మొదటి ముక్క కోరుట్లలో అంటే రెండో ముక్క ఢిల్లీలో వినిపించేది. ఊరి కమిటీకి పెద్ద ఒక రిటైరైన హెడ్మాస్టరు. అందరికీ ‘పెద్దసారు’. ఆయన మైకు పట్టుకుంటే కరెంటు పోయినా మైకు పనిచేసేది.

రైల్ రోకో పిలుపు వచ్చింది. రైళ్ళు ఆపాలి. జగిత్యాలవాళ్ళు లింగంపేటలో కూర్చుంటాం, మీరూ రండి అని కబురు చేశారు. ఇక్కడే మా ఊరి పౌరుషం అడ్డొచ్చింది.

“జగిత్యాలోళ్ళ రైలును మనమెందుకు ఆపాలె? మనకు పట్టాలు లేవా? మన పట్టాల మీద మనం కూసుందాం,” అన్నాడు పెద్దసారు.

“మన పట్టాల మీద రైలు నడవది గద సార్?” అన్నాను నేను.

“ఇంక మంచిది. ఆపుడు అల్కగైతది.”

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పట్టాల మీదే వంటా వార్పూ అన్నారు. ఊరందరికీ వంటంటే పొయ్యి మామూలుది సరిపోదు, చిచ్చా తిత్తి కావాలి. కబురు పంపితే ఆయన వచ్చాడు గానీ, సంగతి వినగానే భగ్గుమన్నాడు.

“నూరేండ్ల సంది రా రా అని పిలిచి, అది అస్తుంటే అడ్డం గూసుంటర్రా? గా బండి ఇంక పుట్టనేలే, గప్పుడే గొంతు పిసుకుతరా?”

కుర్రకారులో ఒకడు, “తెలంగాణ వద్దా చిచ్చా నీకు?” అన్నాడు.

చిచ్చా మొహం మాడిపోయింది. “నేను వద్దంటినారా పోరగా? రెండూ గావాలె నాకు.”

పెద్దసారు మొదటిసారి మైకు లేకుండా మాట్లాడాడు. “చిచ్చా, మీ అబ్బాజాన్ కాలంలనే రావాల్సిన రైలు ఎందుకు రాలే? మనకేం గావాల్నో చెప్పుకునే జాగల మనోళ్ళు లేకనే గద. ఆ జాగ కోసమే గిదంత.”

చిచ్చా మీసం నిమురుకున్నాడు. “నేను గూసుంట గని, ముంగట గూసుంట. ఎనుక డబ్బాల నన్ను గూసోవెట్టద్దు” అన్నాడు.

ఆ రోజు ఎండ మామూలు ఎండ కాదు. సూర్యుడు కూడా రోకోలో కూర్చోవడానికి కిందికి దిగి వచ్చాడనిపించింది. చిచ్చా అందరికంటే ముందు పట్టాల నడుమ గుంట తీసి బొగ్గులు పోశాడు. ఎడమకు చూశాడు, కుడికి చూశాడు, కూత వేశాడు. తిత్తి కదిలింది. ఆయన వెనక, పట్టాల మధ్య, ఊరు ఊరంతా ఒకరి వెనక ఒకరు వచ్చి కూర్చుంది. ఎవరూ చెప్పలేదు, అదంతట అదే బారుగా తయారైంది. చిచ్చా వెనక్కి తిరిగి చూసి, మురిసిపోయి, అజమాయిషీ మొదలుపెట్టాడు.

“ఆడోళ్ళ డబ్బా నడుమకు రావాలె! బీడీలు తాగేటోళ్ళు ఆఖరి డబ్బాకు పోవాలె! పెద్దసారూ, నువ్వు గార్డువి, ఎనుకకు పో!”

మా అమ్మ గంగాళం పట్టించుకొచ్చి, “మాది కాజీపేట గద చిచ్చా, ముంగటికి రానియ్యి” అంది. సాయవ్వ ఊరుకుంటుందా? “ఇయ్యాల్టికి నా బిందెను జంక్షన్ జేసినవా సరే, లేకుంటే నేను తెలంగాణ ఇయ్య” అని అడ్డం నిలబడింది. చిచ్చా ఆ ఒక్కరోజుకు జమ్మికుంటను జంక్షను చేశాడు. అన్నం ఉడికింది, పప్పు ఉడికింది. బందోబస్తుకు వచ్చిన పోలీసులు కూడా విస్తళ్ళు పట్టుకుని వరసలో నిలబడ్డారు. అంతా అయి, ఊరు కునికిపాట్లు పడుతుండగా, చిచ్చా అలవాటు కొద్దీ పట్టా మీద చెవి ఆనించాడు.

ఆయన తిత్తి మీది చెయ్యి ఆగిపోయింది.

“అస్తున్నది,” అన్నాడు.

“నీ చెవుల రోజూ అస్తనే ఉంటది చిచ్చా!” అని ఎవరో అంటే రైలంతా నవ్వింది.

చిచ్చా చెయ్యెత్తాడు. “గీపాలి నిజంగ అస్తున్నదిరా.”

నవ్వుతూనే నేనూ వంగి చెవి పెట్టాను. పట్టా లోపల ఎక్కడో సన్నగా, గరగరమని, ఒక చప్పుడు. నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. ఒకరిని చూసి ఒకరు, కోరుట్ల కోరుట్లంతా పట్టాలకు చెవులు ఆనించింది. తలెత్తి చూస్తే, జగిత్యాల వైపు నుంచి, ఎండలో వణుకుతూ ఒక చుక్క. చుక్క పెద్దదయింది. చుక్క మీద గొడుగు. గొడుగు కింద ఇంజనీరు. వెనక నలుగురు నెడుతున్నారు. అది పట్టాల పని చూసుకునేవాళ్ళు తిరిగే ట్రాలీ. పాపం, పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని బయల్దేరినట్టున్నాడు. రైలే నడవని పట్టాల మీద రైల్ రోకో జరుగుతుందని ఆ అమాయకుడికి ఎవరు చెబుతారు?

ఊరు ఒక్క ఉదుటున లేచింది. ఆపడానికి మాకూ ఒకటి దొరికింది! జై తెలంగాణ అన్న కేకకు ఆ నలుగురూ నెట్టడం మానేశారు. ట్రాలీ దానంతట అదే నాలుగు గజాలు దొర్లి, చిచ్చా పొయ్యికి కొంచెం అవతల ఆగింది.

చిచ్చా లేచి దాని దగ్గరికి పోయాడు. పిల్లవాడికి జ్వరం ఉందేమో చూసినట్టు చక్రం మీద అరచెయ్యి వేశాడు.

“పెద్ద లైనేనా బిడ్డా?” అని నెట్టేవాళ్ళలో ఒకణ్ణి అడిగాడు.

“పెద్ద లైనే తాతా.”

ఆయన మొహంలో వెలుగు చూసి గుంపులో అరుపులు తగ్గాయి. మా వెనక, పిలిస్తే పలికేంత దూరంలో, సగం కట్టిన ప్లాట్‌ఫారం కనిపిస్తోంది. ఆ ట్రాలీ అక్కడి దాకా పోతే, కోరుట్ల స్టేషనుకు చక్రం రావడం అదే మొదలు. గార్డుగా చివరన ఉన్న పెద్దసారు ముందుకొచ్చాడు. మైకు దించాడు.

“చిచ్చా, నువ్వు జెప్పు. గింత దూరమచ్చింది. టేషన్ దాక పోనిద్దామంటే మేమందరం పక్కకు జరుగుతం.”

ఇంజనీరుకు ఏమర్థమైందో గానీ, గొడుగు కింద కొంచెం జరిగి పక్కన చోటు చూపించాడు. “రా తాతా, ఎక్కు. స్టేషన్ దాకా తీస్కపోతా.”

ఆయన ఊళ్ళో. ఆయన పట్టాల మీద. పెద్ద లైను. తండ్రి కొత్త టోపీ తీసి పక్కన పెట్టి ఏ సీటు కోసం ఊరికి వచ్చాడో, ఆ సీటు. చిచ్చా ఒక కాలు ఎత్తి ట్రాలీ చెక్క మీద పెట్టాడు. సాయవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. ఎక్కు చిచ్చా, ఎక్కు అని నేను లోపల అరుస్తూనే ఉన్నాను.

ఆయన కాలు అలాగే ఉంచి వెనక్కి చూశాడు. పట్టాల మీద బారుగా మేము. మా చెవులన్నీ నల్లగా.

కాలు దించేశాడు. భుజం మీది కలాయి ఎర్రగుడ్డ తీసి రెండు చేతులా చాపి పట్టుకున్నాడు.

“ఎర్రజెండ పడ్డది సాబ్. వాపస్ పోండ్రి,” అన్నాడు. ఆగి, మాకు కూడా వినపడేటట్టు, “డబ్బాలన్నీ గీడ గూసుంటే ఇంజనొక్కటే టేషన్‌కు పోతదా?” అన్నాడు.

ట్రాలీ వెనక్కి మళ్ళింది. జై తెలంగాణ అని ఊరు దద్దరిల్లింది. మా రైలును మేమే వాపసు పంపామని జగిత్యాలవాళ్ళ దగ్గర మేం ఎన్నేళ్ళు గొప్పలు చెప్పుకున్నామో లెక్కలేదు. చిచ్చా మాత్రం పట్టాకు చెవి ఆనించి, ఆ చప్పుడు పూర్తిగా పోయేదాకా అలాగే పడుకున్నాడు. బొగ్గులు చల్లారిపోయాయి.

ఇంటికి పోయే దారిలో అరచెయ్యి నాకు చూపించాడు. చక్రం నూనె నల్లగా అంటుకుని ఉంది.

“గిది కోరుట్ల రైలు నూనె, మున్షీ,” అన్నాడు. ఆ వారమంతా ఆయన చెంచాతోనే అన్నం తిన్నాడని ఇంటివాళ్ళు చెప్పారు.

రాష్ట్రం వచ్చింది. ఊళ్ళో రంగులు చల్లుకుంటుంటే, గులాబీ రంగు పట్టిన మీసంతో చిచ్చా నా ఎదుటికి వచ్చి నిలబడ్డాడు. “ఏం మున్షీ, రాజ్యమచ్చె. మరి పచ్చజెండ?” అన్నాడు. అప్పటి నుంచి ఎక్కడ కలిసినా సలాం లేదు, పలకరింపు లేదు, అదే ప్రశ్న. పచ్చజెండా నా టేబులు సొరుగులో పెట్టుకుని నేనే ఇవ్వడం లేదన్నట్టు అడిగేవాడు. “దూరమున్నది చిచ్చా, అస్తున్నది” అనేవాణ్ణి. ఆయన మాటే ఆయనకు అప్పజెప్పేసరికి నవ్వేవాడు. ఆ నవ్వు ఏడాదికేడాది చిన్నదవుతూ వచ్చింది. ఒక వానాకాలం సిరిసిల్లలో, బిడ్డ ఇంట్లో, సాంచెలు దడదడలాడుతుండగా పోయాడు. ఆయన జన్మలో రైలుకు ఇచ్చిన సిగ్నలు ఒక్కటే. అదీ ఎర్రది.

బండి కోరుట్లకు ఆ తర్వాత వచ్చింది. కొబ్బరికాయలు కొట్టాం, పసుపు పూశాం. ఇంజను ముందు ఎవరెవరో నిలబడి ఫోటోలు దిగారు. డీజిలు ఇంజను. బొగ్గు లేదు, పొగ లేదు, ఖిల్లా అంత లేనే లేదు. సాయవ్వ దాని చుట్టూ తిరిగి చూసి, “గిదేంది, చిచ్చా చెప్పినంత లేదు” అని గొణిగింది. నేను ఎక్కి లింగంపేట దాకా పోయాను. కిటికీ పక్కన కూర్చున్నాను గానీ బయటికి చూడలేదు. వెనక డబ్బాలో కూర్చున్నానని మాటిమాటికీ గుర్తొచ్చింది.

సిరిసిల్లలో ఆ కలాయి వాసన నన్ను చొక్కా పట్టుకుని చివరికి చిచ్చా బిడ్డ ఇంటికే తీసుకుపోయింది. ఆమె ఇప్పుడు మనవలున్న మనిషి. నేను అక్కా అంటాను, ఆమె తమ్మీ అంటుంది. సాంచెల చప్పుడులో ఇద్దరం అరుచుకుంటూ క్షేమసమాచారాలు అడిగి తెలుసుకున్నాం. చాయ్ ఇస్తూ, ఊరి బయటికి చెయ్యి చూపించింది.

“మన్ను పోస్తున్నరు, చూసినవా తమ్మీ? సిరిసిల్లకు గూడ లైను అస్తదట.”

“అది ఎప్పుడస్తదో అక్కా! ఆదివారం కోరుట్లకు రా, నేను రైలెక్కిస్త. మీ అబ్బాజాన్ అయితే ఎక్కకపాయె, నువ్వన్న ఎక్కు.”

ఆమె నన్ను జాలిగా చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు.

“గది మీ ఊరి రైలు, తమ్మీ. మా ఊరికి రానియ్యి. అప్పుడెక్కుత.”

ఖాళీ కప్పు అందుకోవడానికి వంగినప్పుడు తల మీది కొంగు కొంచెం జారింది. ఆమె గబుక్కున సర్దుకుంది గానీ, నేను చూశాను. ఎడమ చెవికి తుప్పు మరకలున్నాయి.